సముద్రము లేని సీమలో చూడదగినవి



మధ్యధరా సముద్రతీరమున, ఐగుప్తు దేశమునందు అలెగ్జాండ్రియా అను రేవుపట్టణము కలదు. క్రీ. పూ. 331లో అలెగ్జాండరు చక్రవర్తి దానిని స్థాపించెను. ఆ పట్టణమునకు పోయిన యాత్రికులు తప్పక చూచునది సముద్రపుటొడ్డుననున్న ఖైత్‌బే కోట. కోట యున్న ఆ స్థలముననే పూర్వము ఫారోస్ దీపస్తంభము నిలిచియుండెను. ప్రాచీనులు చెప్పిన ఏడు వింతలలో అది యొకటి. పలుమారులు వచ్చిన భూకంపములచేత 14వ శతాబ్దమునాటికి అది కూలిపోయినది. 15వ శతాబ్దమున సుల్తాను కోట కట్టించినపుడు, కూలిన స్తంభపురాళ్లలో కొన్ని కోటగోడలలో చేరినవి. సముద్రములో పడిన రాళ్లను, శిల్పములను 1990 తరువాతి కాలమున పరిశోధకులు నీట మునిగి వెదకి, కొన్నిటిని వెలికి తీసిరి. అదే పట్టణమున గ్రీకు రోమను వస్తువులకు 1892లో స్థాపించిన ప్రదర్శనశాల యొకటి కలదు. అది చాలకాలము మూతపడియుండి, 2023లో మరల తెరువబడినది.

అంత దూరపు పట్టణముతో మొదలుపెట్టుటకు కారణము కలదు. రేవుపట్టణములకు దేశదేశముల జనులు వత్తురు. వచ్చినవారికి చూపుటకై అచ్చటివారు తమ పాతవస్తువులను ఒకచోట చేర్చి, అద్దపు బీరువాలలో నుంచి, ప్రక్కన చీటీ వ్రాసి పెట్టుదురు. చూచువాడేమియు తెలియనివాడైనను చీటీ చదివి తెలిసికొనును. మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో అట్టి సౌకర్యము తక్కువ. ఇచ్చటి పురాతనవస్తువు పుట్టినచోటనే యున్నది. చెరువు గట్టుననున్నది, పొలము నడుమనున్నది, గుట్టలోని గుహలోనున్నది. దానికి అద్దము లేదు. కావలి అరుదు. చీటీ అసలే లేదు. చీటీ లేమిచే త్రోవను పోవువానికి అది వట్టి రాయి. అట్టి చీటీలు కొన్ని ఈ ప్రసంగమున మీకు వ్రాసి యియ్యదలచితిని.

ఈ మూడు జిల్లాలకును సముద్రము లేదు గాని, ఈ సీమ నేలిన కాకతీయులకు మంచి రేవు కలదు. అది నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి. అచ్చటి వీరభద్రస్వామి యాలయములో గణపతిదేవ చక్రవర్తి వేయించిన అభయశాసనమున్నది. దాని కాలము శకవర్షము 1166, అనగా క్రీ. శ. 1244-45. తుపానున చిక్కి దరికి కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలిమిని పుచ్చుకొనెడివారట. ప్రాణముకంటె ధనము గొప్పదని సముద్రముపై సాహసించు వర్తకులయెడ దయతలచి, తాను న్యాయమైన సుంకము తప్ప మరేమియు గైకొననని గణపతిదేవుడు ఆ శాసనమున ప్రకటించెను. సుంకము ముప్పదింట నొకపాలు. కర్పూరము, చందనము, ముత్యములు, దంతము, పగడములు, పట్టునూలు, మిరియములు మున్నగు సరకుల పేర్లు అందు వరుసగా నున్నవి. ఒక రాజు దూరదేశపు వర్తకునకిచ్చిన మాట ఎనిమిదివందల యేండ్లకు సమీపించుచున్నను నేటికిని చదువుటకు వీలుగా నున్నది. రాతిమీద వ్రాసినందువలననే గదా యది మనకు దక్కినది!

అన్న శాసనము సముద్రతీరమున నుండగా, చెల్లెలి శాసనము మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమున నున్నది. గణపతిదేవుని సోదరి మైలాంబ ఆ చెరువు త్రవ్వించి, అచ్చట శాసనము వేయించినది. దారిని పోవువారు చెరువు చూచి, నీరు చూచి, ముందునకు సాగిపోవుదురు. ఆ శాసనమున నేమున్నదో వినుడు.

చెరువు త్రవ్వించిన పుణ్యమును చెప్పుకొనుటకు ముందు మైలాంబ తన పుట్టింటివారి వంశమును చెప్పినది. దుర్జయ కులమున వెన్నడను వాడుండెననియు, అతడు కాకతియను పురమునుండి యేలెననియు, అందువలన ఆ వంశమువారికి ఆ పేరు వచ్చెననియు అందున్నది. వెన్నని తరువాత గుండన పేరుతో ముగ్గురు వరుసగా వచ్చిరి. వారిని ఆ శాసనము ముగ్గురు రాములతో పోల్చినది. తరువాత ఎఱ్ఱన, పిండిగుండన, బేతరాజు. ఈ విధముగా పేర్లు గణపతిదేవుని వరకు దిగివచ్చును. ఓరుగల్లు కోటలో గాని, హనుమకొండ వేయిస్తంభముల గుడిలో గాని ఈ తొలితరముల వరుస ఇంత తీరుగా కనబడదు. తొలి కాకతీయులెవ్వరో తెలియగోరువాడు బయ్యారము చెరువునకు రావలసినదే.

ఇచ్చట నొక సందేహము కలుగవచ్చును. ఎప్పుడో గడచిన పూర్వుల పేర్లను 13వ శతాబ్దపు ఆడుబిడ్డ చెప్పినంతమాత్రమున నమ్మవచ్చునా? చరిత్రకారులును ఈ ప్రశ్న వేసికొనిరి. దీనికి సాక్ష్యము మరియొకచోట దొరికినది. తూర్పు చాళుక్యరాజగు దానార్ణవుడు క్రీ. శ. 956లో ఇచ్చిన మాంగల్లు తామ్రశాసనములో కాకర్త్య గుండ్యనయను సామంతుని ప్రస్తావమున్నది. అతని కోరికమీదనే ఆ దానము జరిగినది. రాగిరేకులోని ఈ గుండ్యనయే బయ్యారపు రాతిలోని పిండిగుండనయని పండితులు నిర్ణయించిరి. ఒకదానినొకటి యెరుగని రెండు సాక్ష్యములు, నడుమ రెండువందల యేండ్లకు పైబడిన యెడము, చెప్పిన మాట యొక్కటి. న్యాయస్థానమునందైనను ఇంతకంటె గట్టి సాక్ష్యమేమి కావలయును?

మూడవ గుండన రాష్ట్రకూట ప్రభువు పక్షమున పోరి రణమున మడియగా, అతని కుమారుడు ఎఱ్ఱనకు కుఱ్ఱవాడి సీమ లభించెనని పండితులు ఆ శాసనమునుబట్టి చెప్పుచున్నారు. కుఱ్ఱవాడి యనగా నేటి కురవి ప్రాంతము. కురవి మహబూబాబాదునకు సమీపమున నున్న గ్రామము. అచ్చటి వీరభద్రస్వామికి శివరాత్రి జాతరలో వేలకొలది జనులు మ్రొక్కులు చెల్లింతురు. మ్రొక్కులు చెల్లించువారికి నేను చెప్పునది ఒక్కటే. దర్శనమైన పిమ్మట ఆలయావరణములోని పాతరాళ్లవైపు కూడ నొక్కసారి చూడుడు. ఓరుగల్లు రాజధాని కాకమునుపే, ముదిగొండ చాళుక్యుల కాలముననే ఈ గ్రామము రాజకీయము నెరిగినది. కాకతీయుల కథ కోటలో పుట్టలేదు, ఇట్టి పల్లెసీమలలో మొదలైనది.

మహబూబాబాదును మనవారు నేటికిని మానుకోట యందురు. అచ్చటినుండి రైలులో దక్షిణముగా పోయినయెడల డోర్నకల్లు చేరుదుము. అచ్చట ఎపిఫనీ దేవాలయమని క్రైస్తవుల ప్రధానాలయము కలదు. 1912లో ఆంగ్లికన్ సంఘమునకు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు దీనిని కట్టించిరి. 1939 జనవరి 6వ తేదీన అది ప్రతిష్ఠితమైనది. అందు మసీదులకుండు గుమ్మటములు, మన దేవాలయములకుండు స్తంభముల మంటపము, క్రైస్తవారాధనకు తగిన లోపలి యమరిక, మూడును కలిసియున్నవి. మన నేలమీద కట్టు గుడి మన నేలవలె కనబడవలయునని అజరయ్యగారి యభిప్రాయము. ఏ మతమువారైనను ఒక్కసారి పోయి, ఆ స్తంభముల నడుమ నిలిచి చూడదగినది.

ఇక జనగామ వైపు పోవుదము. హైదరాబాదునుండి ఓరుగల్లునకు పోవు త్రోవలో జనగామకు ముందే పెంబర్తి కలదు. ఇచ్చటి పనివారు ఇత్తడి రేకును వెనుకనుండి ఉలితో సుత్తితో కొట్టి, ముందువైపున బొమ్మ లేచి వచ్చునట్లు చేయుదురు. దేవుని వాహనములకు, రథములకు, గర్భగుడి తలుపులకు తొడుగులు వీరు చేసినవే. నిజాముల కాలమున పాన్‌దానులు, అత్తరుదానులు కూడ చేసిరి. 2010లో ఈ పనితనమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ప్రదర్శనశాలలోని అద్దపు బీరువాలో వస్తువు మాత్రమే కనబడును. పెంబర్తిలో వస్తువు పుట్టుట కనబడును. సుత్తిదెబ్బ చెవిని పడును. చూడబోవువారు పనివానితో రెండు మాటలాడి, చేతనైనంతలో నొక వస్తువు కొని రావలయునని నా మనవి. పని కొనసాగిననే గదా విద్య నిలుచును!

అచ్చటినుండి పాలకుర్తికి పోవుడు. గుట్టమీద సోమేశ్వరస్వామి, లక్ష్మీనరసింహస్వామి గుహలలో వెలసియున్నారు. ద్విపదలో బసవపురాణము రచించిన పాల్కురికి సోమనాథుడు ఈ యూరివాడు. సమీపముననే బమ్మెర. పోతనామాత్యుని ఇంటిపేరును, ఆ యూరిపేరును ఒక్కటే. ఆయన దున్నిన పొలమిదియని, త్రవ్వించిన బావియిదియని ఊరివారు చూపుదురు. పొలమునకు శాసనము లేదు. అయినను పెద్దకవుల జ్ఞాపకమును ఊరి పేదరైతు తన నాగటిచాలుతో ముడివేసికొనుట చిన్నసంగతి కాదు. దేశిచ్ఛందమున వ్రాసిన కవియు, రాజులకు కృతి నియ్యనొల్లని కవియు ఒక్క ప్రాంతముననే స్మరింపబడుచున్నారు. పిల్లలను వెంట తీసికొనిపోయి, చదువునట్టి పద్యములకు నేల యెక్కడనో చూపుడు.

కోటలు చూడగోరువారికి రఘునాథపల్లికి సమీపమున ఖిలాషాపూర్ కలదు. 18వ శతాబ్దారంభమున సర్వాయి పాపన్న ఇచ్చట బురుజులతో కోట కట్టుకొనెను. గీతకార్మిక కుటుంబమున పుట్టిన ఆ పురుషుడు మొగలు అధికారులను ధిక్కరించి, 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, 1710లో పట్టుబడి ప్రాణము కోల్పోయెను. దర్బారు చరిత్రకారులు అతనిని దొంగయనిరి. జనులు అతని మీద పాటలు కట్టి పాడుకొనిరి. ఆ కోట బురుజునెక్కి చూచునపుడు ఈ రెండు మాటలను జ్ఞప్తియందుంచుకొనవలయును. అదే జిల్లాలో జఫర్‌గఢ్ కోటయు గుట్టమీద కలదు.

మూడవది భూపాలపల్లి జిల్లా. గనులకు ప్రసిద్ధియైన ఈ ప్రాంతమున గణపురమున కోటగుళ్లను పేర దేవాలయ సముదాయము కలదు. రాతిప్రాకారము నడుమ పెద్దగుడియు, చుట్టును ఇరువదివరకు చిన్నగుళ్లును ఉన్నవి. కొన్ని కూలియున్నవి. ఇందు చూడవలసిన దేమనగా, మంటపపు చూరుక్రింది గజకేసరులు. ఏనుగునెక్కిన సింహరూపములవి. వీటిలో కొన్నిటికి దేహము మనుష్యునిది. ఊరి ప్రక్కనే గణపసముద్రమను చెరువు. గుడియు చెరువును ఊరును కలిపి యొకేసారి కట్టుట కాకతీయుల పద్ధతి. గుడిమాత్రము చూచి వచ్చినవాడు సగమే చూచినవాడు.

కొలదిదూరముననే పాలంపేటలో రామప్పగుడి. 2019 వరకు అది భూపాలపల్లి జిల్లాలోనే యుండెను. ఆ యేడు ములుగు జిల్లా వేరైనపుడు అందు చేరినది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దానిని ప్రతిష్ఠించెను. 2021లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వ స్థలములలో చేర్చినది. పునాదిగోతిని ఇసుకతో నింపి దానిమీద గుడి కట్టిరి. గోడలు ఇసుకరాయి. స్తంభములును శిల్పములును గట్టి నల్లరాయి. విమానమునకు మాత్రము సన్నని రంధ్రములు గల తేలిక యిటుకలు. అడుగున బరువును, పైన తేలికను ఉంచిన కట్టడమిది. చూరుక్రింద వంగి నిలిచిన మదనికలను చూచి మురియుట సరియే. ఆ బరువు లెక్క వేసిన పనివానిని కూడ మనసులో తలచుకొనుడు.

చిట్యాల మండలములోని నైనపాకలో ఎత్తైన గుడి యొకటి కలదు. దానికి నాలుగు దిక్కుల నాలుగు ద్వారములు, నడుమనున్న శిలకు నాలుగు వైపుల వైష్ణవమూర్తులు. ఇట్టి నిర్మాణమును సర్వతోభద్రమందురు. మన సీమలో ఇది అరుదు. రేగొండ సమీపమున పాండవులగుట్ట కలదు. అచ్చటి రాతిచిత్రములు 1990లో పరిశోధకుల దృష్టికి వచ్చినవి. దుప్పి, అడవిదున్న, పులి మున్నగు జంతువులును, చక్రములును, ఆయుధములును ఎఱ్ఱని, తెల్లని రంగులలో నున్నవి. శాసనములకంటె, లిపికంటె ఎంతో ముందటి మనుష్యుడు తాను చూచినదానిని రాతిమీద పెట్టినాడు. తరువాతి కాలమువారు అదే గుట్టలో భారతకథ బొమ్మలు వేసిరి. జిల్లా ఉత్తరపుకొసన కాళేశ్వరము. ప్రాణహిత గోదావరితో కలియు చోట ఒక్క పానవట్టముమీద రెండు లింగములు. ఒకటి ముక్తేశ్వరుడు, ఒకటి యముని పేరిట కాళేశ్వరుడు. త్రిలింగక్షేత్రములలో ఇది యొకటి. శ్రీశైలము, ద్రాక్షారామము తక్కిన రెండు.

ఇంతవరకు చూడవలసినవి చెప్పితిని. ఎట్లు చూడవలయునో రెండు మాటలు చెప్పెదను. శాసనశిల కనబడినపుడు లిపి రాదని వెనుదిరుగ వలదు. శాసనమునకొక క్రమము కలదు. పైన సూర్యచంద్రుల గుర్తులుండును. దానము సూర్యచంద్రులున్నంతవరకని దాని యర్థము. మొదట స్వస్తియనియో, శ్రీయనియో మంగళవాచకము. పిమ్మట రాజువంశము, శకవర్షము, దాత పేరు, దానమిచ్చిన భూమియు దాని యెల్లలును. కడపట, దానమును చెరిపినవారికి శాపము. శకవర్షమునకు 78 కలిపినయెడల క్రీస్తుశకము వచ్చును. ఈ మాత్రము తెలిసినవాడు, కాకతీయుల నాటి తెలుగులిపి నెరిగినవారి సాయముతో తన యూరి శాసనమును తానే చదువుకొనగలడు. కాగితమును, బొగ్గును పట్టుకొని రాతిమీద రుద్దవలదు. ప్రక్కవాటముగా వెలుతురు పడు ప్రొద్దుననో సాయంకాలముననో ఛాయాచిత్రము తీసికొన్నచో అక్షరములు తేటపడును.

ఇక మనస్సునకు కష్టము కలిగించు సంగతి. నేనొక గ్రామమున శాసనపు రాతిమీద బట్టలు రుద్దుచుండగా చూచితిని. రాయి నునుపుగా నున్నది, అందుకే తెచ్చి వేసికొంటిమని వారు చెప్పిరి. వారిది దుష్టబుద్ధి కాదు. అది యేమో వారికెవ్వరును చెప్పలేదు. పంక్తులు కొన్ని అరిగిపోయినవి. దాత పేరు మిగిలియున్నది. అతడిచ్చిన దానమేమో ఇక నెవ్వరికిని తెలియదు. బయ్యారపు రాతికే అట్టి గతి పట్టియున్నచో, రాగిరేకులోని గుండ్యన యెవ్వడో చెప్పు రాయి మనకుండెడిది కాదు. తెలియక చేయువారు కొందరైతే, తెలిసి చేయువారు మరికొందరు. నిధులున్నవని రాత్రులందు గుడి పునాదులు త్రవ్వువారున్నారు. చిత్రములున్న రాతిమీద తమ పేరు వ్రాసికొనువారున్నారు. భక్తిచేత శాసనాక్షరములకు సున్నము, రంగు పూయువారును ఉన్నారు. ఈ ముగ్గురిలో రంగు పూయువారిని మాటతో మాన్పవచ్చును. తక్కినవారికి చట్టము కలదు. 1878 నాటి నిక్షేపనిధుల చట్టమునుబట్టి, భూమిలో దొరికిన పదిరూపాయలకు మించిన విలువగల నిధిని గూర్చి కలెక్టరునకు తెలుపవలయును. 2017లో తెలంగాణ రాష్ట్రము వారసత్వ పరిరక్షణకు వేరుగా చట్టము చేసినది. చట్టము ఎంత గట్టిదైనను ప్రతి చెరువుగట్టుకును పోలీసును కావలి పెట్టజాలదు గదా! ఆ కావలి ఊరివారే కావలయును.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో ఐగుప్తునుండి వచ్చిన మమ్మీ యొకటి కలదు. దానిని చూచుటకు పిల్లలు గుంపులు గుంపులుగా పోవుదురు. పోవలసినదే. మధ్యధరా తీరపు దేశమునుండి వచ్చిన ఆ దేహము వారిలో జిజ్ఞాసను పుట్టించుచున్నది. ఆ జిజ్ఞాసతోనే వారిని తిరుగుప్రయాణమున బయ్యారమునకు, గణపురమునకు తీసికొనిపోవలయునని ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను కోరుచున్నాను. ప్రతి పాఠశాలయు తన యూరిలోని పాతగుడి, పాతబావి, శాసనశిల, వీరగల్లు, వీటి జాబితా నొకటి వ్రాసి, ఏ వస్తువు ఏచోటనున్నదో గుర్తించి, ఏడాది కొకసారి సరిచూచుకొన్నచో చాలును. రాయి కదలినయెడల తెలియును. కదలినది తెలిసినయెడల వెదకవచ్చును.

ఈ మూడు జిల్లాలును నాలుగు దినములలో తిరిగి రావచ్చును. మొదటిదినము పెంబర్తి, ఖిలాషాపూరు, పాలకుర్తి, బమ్మెర. రెండవదినము కురవి, బయ్యారము, డోర్నకల్లు. మూడవదినము నైనపాక, పాండవులగుట్ట, కోటగుళ్లు, వీలైన రామప్ప. నాలుగవది కాళేశ్వరము. ఎండలు ముదురకమునుపు, మాఘఫాల్గుణములలో పొండు. మంచినీరు, ఒక పుస్తకము, కలము వెంట నుంచుకొనుడు. బయ్యారము చేరినపుడు చెరువుగట్టున కొంతసేపు నిలిచి, మైలాంబ పేరు పిల్లలచేత నొకమారు పలికింపుడు. ఇంతటితో సెలవు.